నాటకాల హాల్లో అమ్మకు వినపడింది

పాత కట్టడాల్లో ఏముంటాయని ఎవరైనా అడిగితే చెద, చెమ్మ, గబ్బిలాలు అని చెప్పేదాన్ని. దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. నా పని అలాంటిది. నేను సివిల్ ఇంజినీర్ని. నెల్లూరులో ఉంటాను. ఇళ్ళకీ, గోడౌన్లకీ, రైసు మిల్లులకీ విలువ కట్టి రిపోర్టు రాయడం నా వృత్తి.

ఒకసారి వెంకటాచలం ఊరి దగ్గర ఒక ఇంట్లో ఎవరో ఆడమనిషి ఏడుస్తోందని పుకారు పుట్టి, కొనేవాళ్ళే లేకుండా పోయారు. నేను వెళ్ళి చూస్తే డాబా మీద ట్యాంకు నుంచి దిగే పైపులో గాలి పట్టి ఆ శబ్దం వస్తోంది. ప్లంబరు వచ్చి సరిచేశాక ఏడుపు ఆగింది. ఇప్పుడు చెప్పబోయే దానికి కూడా అలాంటి పైపు ఏదో ఒకటి ఉంటుందని చాలా రోజులు వెతికాను. దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

కోవూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న టౌను ఉంది. నాకు ఈ పని అప్పగించినాయన వద్దన్నారు కాబట్టి దాని పేరు చెప్పను. ఆ ఊళ్ళో ఒక పాత థియేటరు. మొదట నాటకాల కోసం కట్టించారు. ఆ తర్వాత సినిమా హాలు అయింది. ఆ తర్వాత మూతపడింది. యజమాని పెంచలయ్య గారు నెల్లూరులో బియ్యం వ్యాపారం చేస్తారు. అరవై దాటిన మనిషి. అమ్మేద్దామనుకుని విలువ కట్టమని నా దగ్గరికి వచ్చారు. కొనేవాళ్ళు హాలు పడగొట్టి దుకాణాలు కట్టుకుంటారట.

"కట్టించింది మా తాత మేడం. ఇప్పుడేముండాది, గోడలు తప్ప? స్థలానికి లెక్క కట్టి ఇచ్చేయండి, చాలు" అన్నారు. మనసులో కొంచెం బాధ ఉన్నట్టే అనిపించింది. కానీ విసిగిపోయి ఉన్నారు. ప్రతి వానాకాలం ఏదో ఒకటి కూలుతోంది, ఎవరికైనా దెబ్బ తగిలితే ఎవరు జవాబు చెప్పాలి అన్నారు.

మామూలుగా నాతో టేపు పట్టడానికి ఒక మనిషి వస్తాడు. ఆ రోజు అతని ఇంట్లో పెళ్ళి. ఒక్కదాన్నే బయల్దేరుతుంటే అమ్మ ఎక్కడికని సైగ చేసి అడిగింది. ఊరి పేరు కాగితం మీద రాసి చూపించాను.

"ఆడ నాటకాల హాలుండాది గదా! మా పెద్దమ్మ వాళ్ళది ఆ ఊరే. సెలవులకి పోయినప్పుడంతా ఆడికే పోయేవాళ్ళం. నేనూ వస్తా పాపా" అంది.

అమ్మ గురించి చెప్పాలి. అమ్మ పుట్టిన ఊరు సంగం. వరి పొలాల మధ్య పెరిగిన మనిషి. నాన్న పోయాక నా దగ్గరే ఉంటోంది. డెబ్బై అయిదు దాటాయి. చాలా ఏళ్ళుగా చెవులు వినపడవు. మొదట ఒక చెవి, తర్వాత రెండోది. చెవి మిషన్ కొన్నాం. తల లోపల తేనెటీగలు తిరుగుతున్నట్టు ఉందని తీసి డ్రాయరులో పడేసింది. డాక్టరు కూడా ఇక మిషన్ వల్ల పెద్దగా లాభం లేదన్నాడు. ఇంట్లో ఆమెతో మాట్లాడాలంటే చెవి దగ్గర అరవాలి, లేదంటే రాసి చూపించాలి.

అరిచి చెప్పాల్సి వచ్చినప్పుడు మనిషి అవసరమైన మాటలే చెబుతాడు. మందు వేసుకున్నావా, అన్నం తిను, తలుపు వేసుకో. కొన్నేళ్ళుగా నేనూ అమ్మా మాట్లాడుకున్నవి ఇంతే. ఇది అప్పట్లో నాకు తెలియదు. ఆ హాల్లోకి వెళ్ళాకే తెలిసింది.

తుఫాను వానలు వెలిసిన రోజులు. ఎండ చల్లగా ఉంది. రోడ్డుకి రెండు పక్కలా నారుమళ్ళు. అమ్మ కారు కిటికీ అద్దం దించుకుని దారి పొడవునా బయటికే చూస్తూ కూర్చుంది. మేం చేరేసరికి పెంచలయ్య గారు గేటు తీయించి నిలబడి ఉన్నారు.

బయట నుంచి చూస్తే ఆయన చెప్పింది నిజమే. ముందు గోడ పెచ్చులు ఊడిపోయింది. సైకిల్ స్టాండులో పిచ్చిచెట్లు. లోపల సగం కుర్చీలు ఎవరో ఎత్తుకుపోయారు. పైకప్పు రేకుల్లో కంతలు పడి వెలుగు లోపలికి దిగుతోంది. కరెంటు లేకపోయినా బాగానే కనపడుతోంది. ముందు ఒక ఎత్తైన గట్టు, దాని మీద సున్నం వేసిన గోడ. ఆ గోడే సినిమా తెర. నా లెక్కలో ఆ కట్టడానికి విలువ లేదు. పడగొట్టడానికయ్యే ఖర్చు స్థలం విలువలోంచి తీసేయడమే.

అమ్మని వెనక వరసలో గట్టిగా ఉన్న ఒక కుర్చీ తుడిచి కూర్చోబెట్టాను. పెంచలయ్య గారు ఫోను వస్తే బయటికి వెళ్ళారు. నేను ముందుకి వెళ్ళి కొలతలు మొదలుపెట్టాను. నా దగ్గర అరచేతిలో పట్టే లేజర్ మీటరు ఉంది. ఎదుటి గోడ మీద ఎర్రచుక్క పడేలా పెట్టి నొక్కితే దూరం అడుగుల్లో చూపిస్తుంది. రాసుకునే మనిషి లేడు కాబట్టి ఫోన్లో రికార్డింగు పెట్టి, ఒక్కో కొలతా మెల్లగా పలుకుతూ పోయాను.

హాలు వెడల్పు పలికాను. వెనక నుంచి అమ్మ అదే అంకె పలికింది.

పట్టించుకోలేదు. తర్వాత తలుపు ఎత్తు పలికాను. అమ్మ మళ్ళీ అదే పలికింది. అప్పుడు వెనక్కి తిరిగాను. అమ్మ కుర్చీలో వెనక్కి వాలి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నాకూ ఆమెకూ మధ్య హాలంతా ఉంది. నా వీపు ఆమె వైపు ఉంది కాబట్టి పెదవులు చూసి పలికిందనుకోవడానికి లేదు.

ఒక స్తంభం వెనక్కి వెళ్ళాను. ఆమెకు నేను కనపడను. పక్కన మనిషి ఉంటే అతనికి మాత్రమే వినపడేంత మెల్లగా అన్నాను. "అమ్మా, ఆకలేస్తోందా?"

"ఇప్పుడేనా? పొయ్యేటప్పుడు కోవూర్లో తిందాం. చేపల పులుసుంటే చూడు" అంది.

అలాగే స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయాను. భయం కాదు. ఆ క్షణంలో ఏమనిపించిందో సరైన మాట నా దగ్గర లేదు. మీటరు జేబులో పెట్టుకుని వెళ్ళి ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మా, నీకు వినపడుతోందా?"

"వినబడతా ఉండాది గదా, అట్లా అడుగుతావేంది?" అని నా మొహంలోకి చూసింది. అప్పుడు ఆమెకూ తట్టింది. తర్వాత నవ్వింది. "పాపా, నీ గొంతు మా అత్త గొంతు మాదిరి అయిపొయ్యిందే" అంది.

మా నాయనమ్మది బొంగురు గొంతు. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఎంతసేపు మాట్లాడుకున్నామో తెలియదు. పనికిమాలిన మాటలే. టైలరు నా జాకెట్టు పాడుచేసిన సంగతి చెప్పాను. ఎదురింటివాళ్ళు గేటుకి వేసిన రంగు గురించి చెప్పాను. అరిచి చెప్పేంత విలువలేని మాటలన్నీ చెప్పాను. అమ్మ ఆ ఊళ్ళో ఉండిన తన పెద్దమ్మ గురించి చెప్పింది. ఆవిడ నాటకానికి వస్తే మధ్యలో నిద్రపోయేదట, రాజు చచ్చిపోయే ఘట్టానికి మాత్రం ఎవరూ లేపకుండానే లేచి కూర్చునేదట. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు హాల్లో మోగింది.

"ఇంక పని చూసుకో. ఆయన వచ్చి ఏమనుకుంటాడో" అని అమ్మే నన్ను లేపింది.

లేచి మళ్ళీ ముందుకి వెళ్ళాను. గట్టు పొడవు కొలవడానికి మీటరు పెట్టాను. ఇంకా నొక్కలేదు. అమ్మ అంకె చెప్పింది.

నొక్కాను. మీటరు మీద అదే అంకె.

"అమ్మా, నేనింకా చెప్పలేదు. నీకెలా తెలిసింది?"

"నువ్వు చెప్పకముందే ఆయన చెప్తా ఉండాడు గదా. ఇందాకటి నుంచీ అంతే. నాటకంలో తెర పక్కన నిలబడి మాట అందిస్తారే, అట్లా. ఆయన అన్న తర్వాత నువ్వంటా ఉండావు."

"ఎవరమ్మా ఆయన?"

"నాకేం తెలుసు? నీ పక్కనాయన."

నా పక్కన ఎవరూ లేరు. పెంచలయ్య గారేమోనని తలుపు దాకా వెళ్ళి చూశాను. ఆయన రోడ్డవతల టీ కొట్టు దగ్గర ఇంకా ఫోన్లోనే ఉన్నారు. లోపలికి వచ్చి, మీటరు మీద అంకె కనపడకుండా అరచెయ్యి మూసి నొక్కాను. అమ్మ చెప్పాక చెయ్యి తీసి చూశాను. సరిపోయింది. ఇంకో గోడకి పెట్టి మళ్ళీ అలాగే చేశాను. సరిపోయింది. ఈసారి భయం వేసింది. కానీ పారిపోవాలనిపించలేదు, ఎందుకో. అమ్మ అంత నిమ్మళంగా కూర్చుని ఉంటే నేనెలా పారిపోతాను?

"గొంతు ఎలా ఉందమ్మా?"

"మగమనిషే. జలుబు చేసినట్టుండాది పాపం."

చివరికి గట్టు మీదికి ఎక్కి లోతు కొలిచాను. గట్టు అంచు నుంచి తెరగోడ దాకా. మీటరు ఎనిమిది అడుగులు చూపించింది. ఎనిమిది అని పలికాను.

"ముప్పై రెండు" అంది అమ్మ.

"కాదమ్మా. ఎనిమిదే."

అమ్మ తల కొంచెం పక్కకి వంచింది. ఎవరో చెప్పేది వింటున్నట్టు. "కాదంట పాపా. ముప్పై రెండంట" అంది.

మొదటిసారి లెక్క తప్పింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఇంతసేపూ జరిగిందంతా ఏదో పొరపాటు అనుకోవడానికి ఒక ఆధారం దొరికింది. గోడ దగ్గరికి నడిచి ఊరికే వేళ్ళ కణుపులతో తట్టాను. మందంగా కట్టిన ఇటుక గోడ తడితే వచ్చే శబ్దం కాదు అది. బోలుగా మోగింది.

పెంచలయ్య గారు లోపలికి వచ్చాక అడిగాను. ఈ గోడ అవతల ఏముంది?

"పక్కాయన వడ్ల గోడౌను మేడం. మనది ఈడికే."

అమ్మ విషయం చెప్పలేదు. గోడ పలచగా ఉంది, అవతలి వైపు చూడాలి అన్నాను. వెనక వీధిలోకి వెళ్ళాం. గోడౌను ఆయన వడ్ల బస్తాల మధ్య నుంచి లేచి వచ్చాడు. ఆయన చెప్పింది విని పెంచలయ్య గారు ఆశ్చర్యపోయారు.

"నా గోడ ఇదిగో, ఈడికే సార్. మీ తెరకీ దీనికీ మధ్య ఉండేది మీదే గదా? మీదని నేనెప్పుడూ దాని జోలికి పోలా."

ఆ మధ్య భాగం ఆయనదని వీళ్ళూ, వీళ్ళదని ఆయనా అనుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశారు. కప్పు ఒకటే వరసలో ఉండటంతో బయటి నుంచి ఎవరికీ తేడా తెలియలేదు. హాలుని సినిమాలకి లీజుకి తీసుకున్నవాళ్ళు తెర కోసం ఆ గోడ కట్టినట్టున్నారు. అప్పటికి పెంచలయ్య గారు నెల్లూరు హాస్టల్లో చదువుకుంటున్న పిల్లాడట.

పెంచలయ్య గారు అప్పటికప్పుడు మేస్త్రీని పిలిపించి తెరగోడ మీద మనిషి తల పట్టేంత కంత చేయించారు. టార్చి వేసి ముందు ఆయన చూశారు. చాలాసేపు తల బయటికి తీయలేదు. తర్వాత పక్కకి జరిగి, నన్ను చూడమని చెయ్యి చూపించారు.

లోపల నాటకాల రంగస్థలం ఉంది. ఉన్నది ఉన్నట్టు. నేలంతా టేకు చెక్క. రెండు పక్కలా నటులు వచ్చిపోయే దారులు. పైన కర్రకు చుట్టిన రంగుల తెర, అంచు కొంచెం జారి వేలాడుతోంది. అందులో ఒక కోట బురుజూ ఒక నెమలి తోకా కనపడుతున్నాయి. గాలీ వానా తగలక చెద కూడా పట్టలేదు.

కంతలోంచి మీటరు పెట్టి చివరి గోడకి చుక్క వేశాను. ఇటు ఎనిమిదీ, అటుదీ కలిపితే, అంగుళాలు వదిలేస్తే, ముప్పై రెండు.

వెనక్కి తిరిగి చూశాను. అమ్మ కుర్చీలో చక్కగా నిద్రపోతోంది.

పెంచలయ్య గారికి అప్పుడు చెప్పాను మొత్తం. ఆయన నవ్వలేదు, దణ్ణమూ పెట్టలేదు. "మా తాత కాలంలో మాట అందించేవాళ్ళు చానామంది ఉన్నారు మేడం. ఎవరని చెప్పేది?" అన్నారు. తర్వాత ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి చూశారట. ముక్కుతో మాట్లాడే ఒకాయన ఉండేవాడని ఒకరన్నారు. అలాంటివాళ్ళెవరూ లేరని ఇంకొకరన్నారు. అక్కడితో ఆగిపోయింది.

తిరుగుదారిలో కారు ఎక్కగానే "అమ్మా, సీటు బెల్టు పెట్టుకో" అన్నాను. ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. గట్టిగా అన్నాను. వినపడలేదు. హాల్లో నిద్రపోయి లేచాక మళ్ళీ మామూలే. ఆమెకు పెద్ద దిగులేమీ లేదు. కోవూర్లో చేపల పులుసుతో ఇష్టంగా అన్నం తింది.

నాకు మాత్రం ఊరుకోబుద్ధి కాలేదు. మర్నాడే చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. పరీక్ష చేసి, ఇదివరకటికీ ఇప్పటికీ ఏ మార్పూ లేదన్నాడు. జరిగింది చెప్తే, కొన్ని గదుల్లో శబ్దం బాగా ప్రయాణిస్తుంది అన్నాడు. అది నిజమే. తర్వాత రంగస్థలం కింద చూస్తే పెద్ద పెద్ద మట్టికుండలు నోరు పైకి పెట్టి వరసగా పాతి ఉన్నాయి. శబ్దం మోగడానికి పాతకాలంవాళ్ళు చేసిన ఏర్పాటు అయ్యుండవచ్చు. కానీ శబ్దం ఎంత బాగా వచ్చినా దాన్ని పట్టే చెవి ఉండాలి కదా?

చిన్నప్పుడు చూసిన హాలు కాబట్టి అమ్మకు ఆ లోతు మనసులో ఎక్కడో ఉండిపోయిందేమో అని కూడా ఆలోచించాను. ఎప్పుడైనా రంగస్థలం ఎక్కావా అని రాసి అడిగాను. ఆడపిల్లల్ని ఆ దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కాదంది. అయినా తలుపు ఎత్తూ, గట్టు పొడవూ మీటరు కంటే ముందే అడుగుల్లో చెప్పడానికి జ్ఞాపకం చాలదు.

ఫోన్లో రికార్డింగు ఇప్పటికీ ఉంది. ఎన్నోసార్లు విన్నాను. ఇద్దరి గొంతులే ఉన్నాయి, నాదీ అమ్మదీ. నేను "ఎనిమిదే" అన్న తర్వాత కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత అమ్మ "కాదంట" అంటుంది. ఆ నిశ్శబ్దంలో వాల్యూం ఎంత పెంచినా దూరంగా ఆటో హారను తప్ప ఏమీ లేదు.

రిపోర్టు మళ్ళీ మొదటి నుంచి రాశాను. పడగొట్టాల్సిన కట్టడం అని రాద్దామనుకున్న చోట, కాపాడదగిన రంగస్థలం అని రాసి, ఫోటోలు జతచేశాను. ఎలా కనుక్కున్నారన్న దానికి గోడ తట్టి చూశామని రాశాను. అబద్ధం కాదు. పెంచలయ్య గారు దాన్ని రెండు రోజులు దగ్గర పెట్టుకుని, ముందున్న సైకిల్ స్టాండు స్థలం మాత్రం అమ్మి, హాలు ఉంచేసుకున్నారు. వచ్చిన దానితో కప్పు బాగు చేయించారు. "మా తాత ఆడ నిలబడి ఉంటాడు గదా మేడం, ఆ చెక్క మీద" అన్నారు ఫోన్లో. ఆ ఒక్క మాటే అన్నారు.

తెరగోడ పూర్తిగా తీసేశాక, ఒక నాటక సమాజం వాళ్ళు పొద్దున పూట రిహార్సలు వేసుకుంటున్నారని మమ్మల్ని పిలిచారు. అమ్మని తీసుకెళ్ళాను. ఏదో జరుగుతుందని నాలో ఒక ఆశ. అదే చోట కూర్చోబెట్టాను. రంగస్థలం మీదికి వెళ్ళి, అదే మెల్లటి గొంతుతో పిలిచాను. "అమ్మా."

ఆమె చుట్టూ ఉన్నవాళ్ళని చూస్తోంది. మళ్ళీ పిలిచాను. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. లేదు.

వెళ్ళి పక్కన కూర్చున్నాను. హార్మోనియం ఆయన శ్రుతి సరిచూసుకుంటున్నాడు. ఒక కుర్రాడు కత్తి తిప్పుతూ మాట మర్చిపోయి నవ్వేశాడు. తెర పక్క నుంచి ఎవరో అందించారు. అమ్మ కళ్ళార్పకుండా చూస్తోంది. నేను ఆమె చెవి దగ్గరికి వంగి, ఎప్పటిలా అరిచి అడిగాను. "ఏమన్నా వినపడుతోందా?"

"లేదు పాపా, ఏమీ వినబళ్ళా" అంది అమ్మ, హాలంతా వినపడేలా. నటులు కూడా ఆగి చూశారు. "అయినా బావుండాది. ఉండు, కాసేపు కూర్చుందాం."

కూర్చున్నాం. టైలరు జాకెట్టు సరిచేసి ఇచ్చిన సంగతి ఆమె చెవిలో అరిచి చెప్పాను. ఈ మధ్య అలాంటివి కూడా అరిచే చెబుతున్నాను. ఇంట్లో గోల ఎక్కువైంది.

దయ్యాలున్నాయని నేను ఇప్పటికీ అనను. ఆ రోజు అమ్మకు నా గొంతు ఎలా వినపడిందో తెలియదు. నాకంటే ముందు కొలతలు చెప్పింది ఎవరో అంతకన్నా తెలియదు. తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి, వింటాను.